పులుపు గాలి

చీరని రెండు చేతులతో ఎత్తి కిటికీ వెలుతురుకి పట్టుకుంది మంగాయమ్మ. నీలం గళ్ళ బండార్లంక చీర. కుచ్చిళ్ళు వచ్చే చోట ఆవాలు చల్లినట్టు చిల్లులు. వాటిలోంచి ఎండ ఆమె జాకెట్టు మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది.

పెరటి గుమ్మంలో చాకలి చిలకమ్మ మూట విప్పుకుని కూర్చుని దుప్పట్లు వేరు చేస్తోంది. తలెత్తలేదు.

"ఇదేంటి చిలకమ్మా?"

"ఏటమ్మా?"

"నా మొహం కాదు, చీర చూడు."

చిలకమ్మ లేచి, చేతులు పొడిగానే ఉన్నా అలవాటుగా నడుముకి తుడుచుకుని, చీర అందుకుంది. ఒక చిల్లు అంచుని బొటనవేలితో రాసింది. గుడ్డ పిండిలా రాలింది. ఇంకా చిల్లు పడని చోట లేత గోధుమరంగు మచ్చ ఒకటి కనిపిస్తే దాన్ని గోటితో తాకింది. అక్కడా రాలింది. ఆమె కనుబొమలు దగ్గరికొచ్చాయి.

"ముల్లు గీసుకుంటే పోగు లేత్తాదమ్మా. బండకి రాసుకుంటే పీసు లేత్తాది. ఇది బూడిదలాగ రాల్తంది. సిత్రంగుంది."

"చిత్రమా? బండకేసి బాదడానికి ఓపిక లేక బ్లీచింగు పోసేస్తున్నావు. అదీ చిత్రం."

"నాను బ్లీచింగు ముట్టనేదమ్మా. సోడా, సవుడుమట్టి, నీలిమందు. మా అత్త ఏటి ఏసీదో నానూ అదే."

గోడ అవతల నుంచి చిట్టెమ్మ తల కనిపించింది. ఎరువుల ఫ్యాక్టరీ కాలనీలో పక్క క్వార్టరు. "మీదీ అయ్యిందా మంగాయమ్మగారూ? మా ఆయన యూనిఫారం చూడండి, జల్లెడలో పిండి జల్లించుకోవచ్చు. మొన్న ఎనిమిదో నంబరు వాళ్ళ పిల్ల లంగా పోయింది. ఇది ఒళ్ళు వంచదు, బ్లీచింగు మాత్రం పోస్తుంది!"

చిట్టెమ్మ మాట విన్నాక మంగాయమ్మకి కోపం రెట్టింపయింది. అది తన చీర గురించిన కోపం మాత్రమే కాదని ఆమెకి తెలుసు. పొద్దుటినుంచీ గొంతులో ఏదో గరగర, కళ్ళలో మంట, వంటింటి ఇత్తడి బిందె రాత్రి తోమి పెడితే పొద్దున్నకి నల్లబడిపోతోంది. ఏ తప్పు ఎవరిదో తెలియక లోపల ముద్దకట్టుకున్న చిరాకుకి ఇప్పుడొక మనిషి దొరికింది. అది ఎంత హాయిగా ఉందో ఆ క్షణంలో ఆమె గమనించుకోలేదు. చీరని ఉండ చుట్టి విసిరింది. అది చిలకమ్మ భుజం మీద పడి, అక్కడే వేలాడింది.

చిలకమ్మ దాన్ని తీసి, దులిపి, నాలుగు మడతలు పెట్టి గడప మీద ఉంచింది. మిగతా బట్టలు ఇంటి వారీగా వేరు చేసుకుంటూ కూర్చుంది. వేళ్ళ చివర్లు నాని, తెల్లగా, ముడతలు పడి ఉన్నాయి.

ఆ సాయంత్రం ఆడవాళ్ళంతా కలిసి వెల్ఫేర్ ఆఫీసరు రమణమూర్తికి కాగితం రాశారు. చాకలి మనిషిని మార్చాలి, నష్టపరచిన మనిషికి కాలనీ గేటు పాసు తీసెయ్యాలి. పదిహేడు సంతకాలు. మొదటిది మంగాయమ్మది. ఆదివారం కమ్యూనిటీ హాల్లో మీటింగు పెట్టి తేల్చేస్తామని ఆయన మాటిచ్చాడు.

గురువారం పొద్దున్న చిలకమ్మ మూట లేకుండా వచ్చింది. చంకలో ఒకటే గుడ్డ. పెరటి గుమ్మం దాటలేదు.

"అమ్మా, ఒకపాలి ఇది సూడండి. సూసి నన్ను పొమ్మంటే పోతాను."

విప్పింది. పాత ధోవతి ముక్క. ఇటుక రంగులో ఎర్రగా ఉంది. ఆ ఎరుపు మీద పసుప్పచ్చటి చుక్కలు, అక్షింతలు పడ్డట్టు.

"మా పేటలో గుంట పెద్దమనిషయ్యింది. ఆ పసుపు గుడ్డలు సోడాలో ముంచినాను. ఎర్రగయినాయి. పసుపు సోడాలో పడితే ఎర్రగవుద్ది, అది మీకూ ఎరికే. ఎండకి పోద్దని నాను ఉతికే గెడ్డ ఒడ్డున ఆరేసినాను. మాపిటికి ఇలగయినాయి."

"అయితే?"

"బ్లీచింగైతే తెల్లగవాల కదమ్మా. తెల్లగవనేదు. మల్లీ పచ్చగయింది. ఎర్రనయిన పసుపుని మల్లీ పచ్చగ సేసీది పులుపొకటే. సింతపులుసు పడ్డా, నిమ్మసెక్క పడ్డా. మరి గెడ్డకాడ పులుపెక్కడిది? పైనుంచి పడతంది."

"ఆకాశంలోంచి చింతపులుసు కురుస్తోందంటావు."

"మీ బట్టలకి సిల్లు నాకాడ పడతన్నాదమ్మా, నాను కాదన్ను. కానీ సిల్లు పడీముందు మచ్చ పడతంది. అది ఆరేసినప్పుడు పడతంది. తరవాత వారం నాను బండకి కొడితే అక్కడ ఊడతంది. అందికే నా సేతిలో ఊడినట్టుంటాది." ఆమె గొంతులో బతిమాలడం లేదు. ఎన్నోసార్లు లోపల అనుకుని అనుకుని అరిగిపోయిన మాటల్లా ఒక్కొక్కటీ నున్నగా వచ్చాయి. "నలభయ్యేల్లయి ఉతుకుతన్నాను. ఒక మచ్చ సూస్తే అది అరటిదో, ముంతమామిడిదో, మనిసిదో సెప్పగల్ను. ఇది మాత్రం ఎవులిదో నాకు తెలీనేదు. మీ ఆయనగోరు పేక్టరీ ల్యాబులో కదా పన్జేత్తారు. ఒకపాలి అడగండమ్మా."

గుడ్డని గడప మీద పెట్టి వెళ్ళిపోయింది.

మంగాయమ్మ దాన్ని చాలాసేపు ముట్టుకోలేదు. అన్నం వార్చింది. పప్పు ఎనిపింది. చివరికి చేతులు కడుక్కుని, గిన్నెలో నీళ్ళు పోసి, చిటికెడు పసుపు, తాంబూలం పెట్టెలోంచి కాస్త సున్నం వేసి కలిపింది. పిల్లలకి దిష్టి తియ్యడానికి ఎన్నిసార్లు కలపలేదు ఎర్రనీళ్ళు! గిన్నెలో నీళ్ళు రక్తంలా తిరిగాయి. నిమ్మకాయ కోసి పిండింది. చుక్క పడ్డ చోట ఎరుపు విడిపోయి పసుపయింది. ఇంకో చుక్క. ఇంకోటి. నిమిషంలో గిన్నెంతా పచ్చగా, ఏమీ జరగనట్టు.

ఎప్పటినుంచో తెలిసిన సంగతే. రోజూ చేతిలో ఉండే సంగతి ఇవాళ సాక్ష్యం చెబుతోంది.

గడప మీది గుడ్డ తీసి నాలిక చివరికి ఆనించి చూడబోయి ఆగింది. దాన్ని దాచడానికి నడిమిగదిలోకి వెళ్ళింది. అక్కడ గోడ నుంచి గోడకి తాడు. తాడు మీద ఆమె భర్త దొరబాబు చొక్కాలు మూడు. రెండు నెలల నుంచీ ఆయన చొక్కాలు బయట ఆరెయ్యనివ్వడం లేదు. చిలకమ్మకి వెయ్యనివ్వడం లేదు. "ఎండకి రంగు వెలిసిపోతోంది, లోపల వెయ్యి" అన్నాడు. తనూ వేస్తోంది.

మూడూ తెల్ల చొక్కాలు.

మంగాయమ్మ ఒక చొక్కా చెయ్యి పట్టుకుని నిలబడింది. తెల్లచొక్కాకి వెలిసిపోవడానికి రంగెక్కడుంది? రెండు నెలలు. అరవై రోజులు. తన చీరలు బయట, పిల్లల బట్టలు బయట, పిల్లలు బయట. చొక్కాలు లోపల.

దొరబాబు మొదటి షిఫ్టు దిగి రెండున్నరకి వచ్చాడు. సైకిలు ఆనించి, కాళ్ళు కడుక్కుని, కంచం ముందు కూర్చున్నాడు. కోనసీమ నుంచి వచ్చి ఈ ఊళ్ళో పదేళ్ళయినా అన్నంలో వేలు తిప్పే పద్ధతి మారలేదు. పప్పు అన్నం మధ్యలో గుంట చేసి నెయ్యి పోసుకోవడం, ఆ గుంట గోడలు కూలకుండా చుట్టూ తినుకుంటూ రావడం.

"ఆసిడ్డు ప్లాంటు నుంచి ఏం వస్తోంది?"

ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. తర్వాత లోపలికి వెళ్ళింది. "ఏం వస్తుంది. ఆసిడ్డు."

"గొట్టంలోంచి?"

"ఎవరు చెప్పారు నీకు?"

"చాకలిది చెప్పింది. పసుపు చెప్పింది. మీ చొక్కాలు చెప్పాయి."

అతను తల ఎత్తకుండా గుంట గోడని వేలితో సరిచేశాడు. ఆ పని అంత శ్రద్ధగా చేస్తున్న మనిషి ఏమీ వినడం లేదని ఎవరైనా అనుకుంటారు. కానీ అతని చెవి తమ్మెలు ఎర్రబడటం మంగాయమ్మ చూసింది.

"టవరు లోపల పాడయింది," అన్నాడు. "పొగలో తుంపర ఆగటం లేదు. కంటికి కనిపించని తుంపర. కొత్త సామాను బొంబాయి నుంచి రావాలి. ఆర్నెల్లు పడుతుంది."

"అందాకా ఆపొచ్చు కదా."

"ఆపుతారా! ఎరువు ఎవడు చేస్తాడు?"

"మీరు ఎవరికీ చెప్పలేదేం?"

"చెప్పడం నా పని కాదు మంగా. కొలవడం నా పని."

"కొలిచి?"

"పుస్తకంలో రాస్తాను."

"ఎంతని?"

అతను మజ్జిగ గ్లాసు అందుకున్నాడు. "ఘనపు మీటరు పొగలో యాభై మిల్లీగ్రాములు దాటకూడదు. నలభై ఎనిమిదనో, యాభై అనో రాస్తాం. పై నుంచే చెప్పారు. నేనొక్కడినే కాదు, మూడు షిఫ్టులూ."

"నిజంగా ఎంతుంది?"

మజ్జిగ తాగిన చప్పుడు, గుటకలు.

"ఆ ముసల్దాని మీద సంతకం పెట్టాను నేను," అంది మంగాయమ్మ. "మొదటి సంతకం. కాగితం ఈ అరుగు మీదే రాశాం. మీరు లోపల పేపరు చదువుతున్నారు. విన్నారు. వింటూ పేజీ తిప్పారు. ఆ చప్పుడు నాకు గుర్తుంది."

"ఆవిడకి ఇంకోచోట పని దొరుకుతుంది. నాకు పోతే..."

"అలా అనుకున్నారా అప్పుడు? లేకపోతే ఇప్పుడు అనుకుంటున్నారా?"

దొరబాబు కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు. ఎన్నడూ కడగడు. వాళ్ళమ్మ నేర్పిన పద్ధతి ప్రకారం అది మహా తప్పు. లేచి వెళ్ళి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోలేదు. నిద్రపోయేవాడి వీపు అలా బిగుసుకుని ఉండదు.

అతని మీద కోపం వచ్చినంత సులువుగా తన మీద రాలేదు మంగాయమ్మకి. అందుకు ఇంకా మండిపోయింది. చీర విసిరినప్పుడు అది ముసల్దాని భుజం మీద వేలాడటం పదే పదే కళ్ళముందుకొచ్చింది. విసిరినందుకు కాదు, విసిరినప్పుడు తనకి కలిగిన హాయికి భయమేసింది. అది తన లోపలే ఉంది, ఇంతకాలం ఎక్కడుందో.

శుక్రవారం సాయంత్రం కొత్త తువ్వాలు ఒకటి పసుపు నీళ్ళలో, ఆపైన సోడా నీళ్ళలో ముంచింది. పిండి ఆరబెడితే చక్కగా ఇటుకరంగు తేలింది. శనివారం తెల్లవారుతూనే పెరట్లో తీగ మీద వేసింది. మీటింగులో అందరి ముందూ విప్పుతుంది. మాటలక్కర్లేదు.

గంటకోసారి వెళ్ళి చూసింది. ఏమీ లేదు. మధ్యాహ్నం చూసింది. తువ్వాలు కొబ్బరాకులా టపటపా కొట్టుకుంటోంది. గాలి సముద్రం మీంచి వస్తోంది. చల్లగా, ఉప్పగా, జాలరిపేట ఎండుచేపల వాసనతో. కొండపక్కన ఫ్యాక్టరీ గొట్టం మీద తెల్లటి పొగ అటు మళ్ళి, లోపలి ఊళ్ళ వైపు వాలిపోతోంది. సాయంత్రానికీ తువ్వాలు మీద ఒక్క చుక్క లేదు. జన్మలో మొదటిసారి ఆమె పాడు గాలి రావాలని కోరుకుంది. కోరుకుని సిగ్గుపడింది.

ఆదివారం పదిగంటలకి హాలు నిండింది. మగవాళ్ళు కుర్చీల్లో, ఆడవాళ్ళు జంబుఖానా మీద. చిలకమ్మని మెట్ల దగ్గర ఉండమన్నారు. అక్కడ చెప్పుల మధ్య, మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని కూర్చుంది. పక్కన కోడలు పోతమ్మ, ఆమె ఒళ్ళో పది నెలల పిల్ల.

రమణమూర్తి కాగితం చదివాడు. నవ్వు మొహం మనిషి. "మరేటి, అందరిదీ ఒకే మాట కదా? రేపట్నుంచి పూర్ణా మార్కెట్టు దగ్గరి లాండ్రీ వేను వత్తాది. చిలకమ్మ పాసు కేన్సిలు."

మంగాయమ్మ లేచింది. గొంతు కావలసినదానికన్నా గట్టిగా వచ్చింది. "ఆ కాగితంలో మొదటి సంతకం నాది. అది తప్పు. నేను వెనక్కి తీసుకుంటున్నాను. బట్టలు పాడు చేస్తోంది ఆవిడ కాదు. గొట్టం."

చిలకమ్మ ఇచ్చిన గుడ్డ విప్పింది. పసుపు సంగతి చెప్పింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఆ గుడ్డ తెచ్చింది చిలకమ్మే కదమ్మా?" అన్నాడు రమణమూర్తి మెత్తగా. "దొంగ తెచ్చిన సాక్ష్యం లాగుంది. మీరు సొంతంగా ఏమైనా చూసారా?"

"నేనూ ఆరేశాను. నిన్న."

"చుక్కలు పడ్డాయా?"

మంగాయమ్మ చేతిలో తువ్వాలు ఉంది. విప్పలేదు. "నిన్న గాలి అటుంది."

ఈసారి నవ్వు కుర్చీల్లోంచి వచ్చింది. రమణమూర్తి చెయ్యెత్తి దాన్ని ఆపాడు, తనూ నవ్వుతూనే. "ఏం దొరబాబు బావా, ఇంట్లో కూడా ల్యాబు పెట్టేసారేటి? నువ్వు చెప్పు మరి. కెమిస్టువి కదా."

మూడో వరసలో దొరబాబు లేచాడు. తెల్లచొక్కా. ఎవరి వైపూ చూడకుండా, ముందు కుర్చీ వీపు మీది పెచ్చుని గోటితో గీకుతూ అన్నాడు. "గాలి ఇటు తిరిగినప్పుడు బట్టలు లోపల ఆరేసుకుంటే... మంచిదండి."

అంతే. కూర్చున్నాడు.

అందరికీ అర్థమయింది. అందరూ ఆ ఫ్యాక్టరీ జీతం తినేవాళ్ళే. రమణమూర్తి మొహంలో నవ్వు ఒక్క క్షణం దారి తప్పి మళ్ళీ తన చోటికి వచ్చింది.

"మంచి సలహా. దానికి ఒక ఏర్పాటు చేద్దాం. గాలి ఇటు తిరిగిన రోజున ల్యాబు మేడ మీద జెండా ఎగరేయిద్దాం. జెండా చూడగానే ఆడవాళ్ళు బట్టలు లోపలేసుకోవచ్చు. ఎర్రజెండా అయితే యూనియను వాళ్ళు మాదే అంటారు. ఆకుపచ్చది పెడదాం. దొరబాబు బావే చూసుకుంటాడు."

అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. చప్పట్లు కూడా పడ్డాయి. చిట్టెమ్మ మంగాయమ్మ మోచెయ్యి నొక్కి, "పోన్లెండి, మీ వల్ల మంచి జరిగింది" అంది.

"మరి చిలకమ్మ?" అంది మంగాయమ్మ.

"లాండ్రీతో మాటైపోయిందమ్మా. ఇప్పుడు మళ్ళీ తిరగెయ్యలేం."

మెట్లు దిగుతున్న రమణమూర్తికి చిలకమ్మ అడ్డంగా లేచి నిలబడింది. "బాబూ, ఆ జెండా మా రేవుకి అగుపడతాదా? మజ్జిలో మట్టిగుట్టుంది."

"నీకెందుకే జెండా? ఆరెయ్యడానికి నీ దగ్గర మా బట్టలే ఉండవు కదా ఇంక."

చిలకమ్మ ఆయన మొహంలోకి చూసింది. వెటకారం కాదు. ఆయన నిజంగానే అడిగాడు. ఆయనకి గెడ్డ దగ్గర బట్టలు తప్ప ఇంకేం కనిపించలేదు. అది మంగాయమ్మకి అర్థమైనప్పుడు, ఒళ్ళంతా నూనె పడ్డట్టు మండింది. చీరలకి చిల్లు పడితే పదిహేడు సంతకాలు, మీటింగు, జెండా. పోతమ్మ ఒళ్ళో పిల్ల కళ్ళు పుసులు కట్టి ఎర్రగా ఉన్నాయి. దానికి ఎవరూ కాగితం రాయలేదు. తనూ రాయలేదు.

బుధవారం తొమ్మిదిన్నరకి మొదటిసారి జెండా లేచింది. ల్యాబు మేడ మీద కొత్త ఆకుపచ్చ గుడ్డ కాలనీ వైపే చెయ్యి చాచినట్టు నిలబడిపోయింది. అరనిమిషంలో పెరళ్ళన్నీ ఆడవాళ్ళతో నిండిపోయాయి. "జెండా! జెండా!" అని గోడల మీంచి కేకలు. తీగల మీంచి చీరలు లాగుతున్నారు, దుప్పట్లు ఉండలు చుడుతున్నారు, నవ్వుకుంటున్నారు కూడా, వానకి వడియాలు తీసినట్టు. తలుపులు మూసుకున్నాయి.

పిల్లలు బడిలో ఉన్నారు. మంగాయమ్మ చీరలన్నీ లోపలికి తెచ్చి గదుల్లో తాళ్ళ మీద వేసింది. ఆఖరి చీర వేసి చేతులు దులుపుకుంది. గొంతులో గరగర మొదలైంది. అప్పుడు చెప్పులేసుకుని బయల్దేరింది. గేటు దాటాక నడక చాల్లేదు. స్టీలు ప్లాంటు వైపు ఇనుము మోసుకెళ్ళే లారీల మధ్య నుంచి రోడ్డు దాటి, మట్టిగుట్ట పక్కగా గెడ్డ వాగు గట్టు మీద పరిగెత్తింది. పదేళ్ళుగా వాళ్ళు ఉతికిన బట్టలు కట్టుకుంటోంది. ఈ దారి ఆమెకి తెలీదు, గుడ్డల చప్పుడు బట్టి వెళ్ళింది.

నీళ్ళలో ఆరేడుగురు. ఆమెని చూసి బాదడం ఆపారు.

"జెండా లేచింది," అంది రొప్పుతూ. "ఇటే వస్తోంది. లేవండి."

చిలకమ్మ నడుం ఎత్తింది. "లేచి ఎక్కడికెల్లమంటారమ్మా? మా ఇల్లయితే తాటాకులు. పైనుంచి కిందకే కారతాది."

ఆ ప్రశ్న ఆమె దారంతా ఆలోచించుకోలేదు. నోరు దానంతటదే అంది. "మా ఇంటికి."

ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. "ఓలమ్మో, కోటర్సులోకే!" అందెవరో. పోతమ్మ మాత్రం పిల్లని గుడ్డలో చుట్టి అప్పటికే ఒడ్డెక్కింది.

గేటు దగ్గర వాచ్‌మన్ జగ్గారావు ముక్కుకి తువ్వాలు కట్టుకుని నిలబడ్డాడు. తడి చీరలతో ఆరుగురు ఆడవాళ్ళు, నలుగురు పిల్లలు, ముందర మంగాయమ్మ.

"పాసు నేదు గదమ్మా చిలకమ్మకి."

"లేదు."

"నా ఉజ్జోగం పోద్ది."

"కళ్ళు మండటం లేదా నీకు?"

"మండకేటి." కాసేపు ఆలోచించాడు. "అదే మరి. మండుతుంటే మనిసన్నోడు మూసుకుంటాడు. మూసుకున్నోడికి ఎవులొచ్చేరో ఏటి తెలుస్తాది?" గోడవైపు తిరిగి, రెండు కళ్ళూ గట్టిగా మూసుకున్నాడు.

రెండు గదుల క్వార్టరు చీరలతో నిండి ఉంది. వాటి కిందనుంచి వంగి వెళ్ళి గోడల పొడుగునా కూర్చున్నారు. మాట్లాడాలంటే చీర పక్కకి తొలగించి మొహం వెతుక్కోవాలి. పిల్లలకి అది ఆటయింది. చిలకమ్మ తన నెత్తి మీద వేలాడుతున్న పరికిణీ అంచుని రెండు వేళ్ళతో నలిపి చూసింది.

"ఎవులుతికినారమ్మా ఇది?"

"వేను లాండ్రీ."

"మడ్డి ఒగ్గేసినారు. ఉతకనేదు, ముంచినారు."

ఎవరో నవ్వారు. దగ్గులోకి మారింది ఆ నవ్వు. మంగాయమ్మ అందరికీ మజ్జిగ కలిపింది, ఇంట్లో ఉన్న గ్లాసులన్నీ తీసి. చిలకమ్మ ముందు గ్లాసు పెడుతూ, "ఆవేళ చీర విసిరాను నీ మీద" అంది.

"విసిరినారు," అంది చిలకమ్మ. తోసిపుచ్చలేదు, పర్వాలేదనలేదు. మజ్జిగ తాగింది.

రెండున్నరకి సైకిలు చప్పుడయింది. దొరబాబు గుమ్మంలో ఆగిపోయాడు. చీరల కింద వరసగా పాదాలు. నాని, పాలిపోయి, పగుళ్ళు విచ్చిన పాదాలు. మధ్యలో చిన్నవి. అతను వంగి లోపలికి వచ్చాడు. ఎక్కడ నిలబడాలో తెలియక గడప మీదే కూర్చున్నాడు.

"మేడ మీంచి చూశాను," అన్నాడు మంగాయమ్మతో. "జెండా తాడు సరిచేస్తూ. గేటవతల ఎవరో ఆడమనిషి పరిగెడుతోంది. ఎవరా అనుకున్నాను. చీర చూసి పోల్చుకున్నాను."

పోతమ్మ పిల్ల పాకుతూ వచ్చి అతని మోకాలు పట్టుకుని లేచింది. ఎర్రటి కళ్ళతో అతని మొహాన్ని పరీక్షగా చూసింది. అతను దాన్ని ఎత్తుకోలేదు, తొలగించలేదు.

"రెండువందల పది," అన్నాడు.

"ఏటి బాబూ?" అంది చిలకమ్మ.

"పొద్దున్న. గొట్టంలో. యాభై ఉండాలి. రెండువందల పది ఉంది."

"పుస్తకంలో?" అంది మంగాయమ్మ.

"యాభై."

చిలకమ్మ చీర పక్కకి తొలగించుకుని ముందుకి జరిగింది. "ఆ మాట రాసి ఇత్తారా బాబూ? సోమారం మా పేటోల్లం గొట్టం సంగతి సెప్పడానికి కలట్రాఫీసుకి ఎల్తన్నాం."

అతను మంగాయమ్మ వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు, సాయం కూడా చెయ్యలేదు. అతను చెయ్యి చాచి, "కాగితం ఇవ్వు" అన్నాడు.

"కాయితం వొద్దు," అంది చిలకమ్మ. "కాయితమైతే ఆల్లు ఎక్కడో పెట్టేత్తారు. నీల్లలో పడితే పోద్ది." భుజం మీది తెల్ల తుండు తీసి అతని ముందు పరిచింది. బొడ్లోంచి చిన్న గుడ్డ మూట తీసి విప్పింది. అందులో నల్లజీడి గింజ, గుండుసూది, తమలపాకులో సున్నం. ఏ ఇంటి బట్టకి ఆ ఇంటి గుర్తు పెట్టే సామాను. గింజని సూదితో పొడిచి, ఆ సూదిని అతని చేతికిచ్చింది. "దీంతో రాయండి. సేతికంటనీకండి, పొక్కుద్ది."

"ఇది పోతుందా?" అన్నాడు దొరబాబు. అడిగాక ఆ ప్రశ్న ఎలా వినిపించిందో అతనికి తెలిసింది.

"గుడ్డ సిరిగిపోయినా గుర్తు పోదు బాబూ."

సూది కొస మీద రసం బొట్టు నిలిచింది. అతను తారీఖు వేశాడు. రెండు, ఒకటి, సున్న. ల్యాబు పుస్తకంలో రాసే ముత్యాల్లాంటి అంకెలు కావు, గుడ్డ పోగుల మీద సూది ఆగి ఆగి కదులుతుంటే పిల్లవాడు దిద్దినట్టు వచ్చాయి. లేత గోధుమరంగులో ఉన్నాయి. ఉన్నాయో లేవో అన్నట్టున్నాయి.

సూది తిరిగి ఇవ్వబోయాడు.

"పేరు," అంది మంగాయమ్మ.

అతను ఇంకోసారి గింజని పొడిచాడు. దొరబాబు అని రాశాడు. 'ద' దగ్గర వేలికి రసం అంటింది, తుడుచుకోలేదు.

చిలకమ్మ వేలితో సున్నం తీసుకుని అక్షరాల మీద రాసింది. అందరూ తలలు వంచి చూస్తున్నారు. ముందు ఏమీ కాలేదు. తర్వాత 'రెండు' మెడ దగ్గర నల్లబడింది. అక్కణ్ణుంచి నలుపు మెల్లగా అంకెలన్నిటిలోకీ పాకి, పేరులోకి వెళ్ళింది.